బస్సు ఫ్రీ అయింది.. మరి మా నాన్న ఆటో?

2023 డిసెంబర్ 9, శనివారం. ఆఫీస్‌కి సెలవు కాబట్టి నేను ఊళ్లోనే ఉన్నా. టీవీలో మహాలక్ష్మి పథకం ప్రారంభం లైవ్ వస్తోంది. తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ఇకపై టికెట్ డబ్బులు లేవు. జీరో టికెట్ తీసుకుంటే చాలు.

చెల్లి ఎగిరి గంతేసింది. దానికి కాలేజీకి రోజూ బస్సే దిక్కు. అమ్మ వెంటనే అక్కకి ఫోన్ కొట్టింది, ‘ఇగ నెలకు రెండుసార్లు వస్త బిడ్డా’ అని. ఇద్దరికీ కలిపి నెలకి 1,500 రూపాయల దాకా మిగులుతాయని నేను లెక్క కూడా వేసేశా.

నాన్న మాత్రం టీ గ్లాసు పట్టుకుని బయటికి వెళ్లి ఆటో పక్కన నిలబడ్డాడు.

మా నాన్నది షేర్ ఆటో. నల్గొండకి 18 కిలోమీటర్ల దూరంలో మా ఊరు. హైవే మీద ఉండే మా స్టేజీ నుంచి 3 కిలోమీటర్లు లోపలికి రావాలి. ఊళ్లోంచి టౌన్‌కి మనిషికి 40 రూపాయలు. రోజుకి నాలుగు ట్రిప్పులు పోయి రావడం. 1,500 కలెక్షన్, అందులో డీజిల్‌కి 450 పోతే చేతికి 1,050. నెలకి 7,200 ఆటో ఈఎంఐ. ఆ లెక్క మీదే నా ఇంజినీరింగ్ ఫీజులు కట్టాడు.

ఆటో ఎక్కేవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. టౌన్‌లో కూలికి పోయేవాళ్లు, హాస్పిటల్‌కి పోయేవాళ్లు, పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయేవాళ్లు. వారం తిరిగేసరికి వాళ్లంతా స్టేజీ దగ్గర బస్సు కోసం నిలబడ్డారు. ఎందుకు నిలబడరు? పోయి రావడానికి 80 రూపాయలు మిగులుతుంటే మీరైనా నేనైనా అదే చేస్తాం. తప్పు ఎవరిదీ కాదు. కానీ నాన్న చేతికి వచ్చేది 1,050 నుంచి 400కి పడిపోయింది.

ఒకే ఇంట్లో ఇద్దరికి లాభం, ఒకరికి నష్టం. అన్నం తినేటప్పుడు ఆ టాపిక్ ఎవరూ ఎత్తేవాళ్లం కాదు.

నా గొప్ప ఐడియా

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. మాకు ప్రతి సమస్యకీ ఒకటే మందు.. యాప్! నాన్నకి చాలా సీరియస్‌గా చెప్పా: ‘రోజులు మారినయ్ నాయినా. ఏదన్నా ఆటో యాప్‌లో జాయిన్ అవ్వు.’

నాన్న నవ్వాడు. ‘మన ఊళ్లె ఎవరన్న ఆటో బుక్ చేస్తే వచ్చేదెవర్రా? నేనే గదా!’

నిజమే. హైదరాబాద్‌లో కూర్చుని నేను చెప్పిన సొల్యూషన్‌కి మా ఊళ్లో ప్రాబ్లమే లేదు. ఆటో ఎక్కడుందో తెలియక జనం ఇబ్బంది పడట్లేదు. ఎక్కాల్సిన అవసరమే తగ్గిపోయింది. రెండూ వేరువేరు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలు ఇలాంటి దెబ్బ తగిలినప్పుడు ఏం చేశాయో వెతకడం మొదలుపెట్టా. దెబ్బ తినని కంపెనీ అంటూ లేదు. కొన్ని లేచాయి, కొన్ని లేవలేదు. తేడా ఎక్కడుందో చూద్దామనుకున్నా.

రైలు కంపెనీలు మర్చిపోయిన ప్రశ్న

ఎంబీఏ చదివిన మీ ఫ్రెండ్ ఎవరినైనా అడగండి, థియోడర్ లెవిట్ పేరు చెప్తారు. హార్వర్డ్ ప్రొఫెసర్. 1960లో ఆయన రాసిన ‘మార్కెటింగ్ మయోపియా’ అనే వ్యాసం ఇప్పటికీ క్లాసుల్లో నడుస్తోంది. మయోపియా అంటే దూరంగా ఉన్నవి కనిపించకపోవడం.

అందులో ఆయన చెప్పిన మొదటి ఉదాహరణే అమెరికా రైలు కంపెనీలు. ఒకప్పుడు వాటికి ఎదురు లేదు. తర్వాత కార్లు, ట్రక్కులు, విమానాలు వచ్చాయి. ప్రయాణం చేసేవాళ్లు, సరుకు పంపేవాళ్లు తగ్గలేదు, ఇంకా పెరిగారు. కానీ రైలు కంపెనీలు ‘మాది రైళ్ల బిజినెస్’ అనుకున్నాయి. ‘మనుషుల్నీ సరుకునీ చేరవేసే బిజినెస్’ అనుకోలేదు. జనం వేరే దారి చూసుకున్నారు. చివరికి 1971లో అక్కడి దూరప్రాంత ప్యాసింజర్ రైళ్లని నడపడానికి ఆమ్‌ట్రాక్ అనే సంస్థని ప్రభుత్వమే పెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 1932 జూన్, హైదరాబాద్ సంస్థానం. ఇక్కడ బస్సులు నడపడం మొదలుపెట్టింది ఎవరో తెలుసా? నిజాం స్టేట్ రైల్వే! రోడ్డు రవాణా కోసం సొంతంగా ఒక విభాగం పెట్టి, 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలుపెట్టారు. మోటారు బస్సు రైలుకి పోటీ కదా, దాన్ని ఆపుదాం అని కూర్చోకుండా రైల్వేనే బస్సు స్టీరింగ్ పట్టింది. మన ఆర్టీసీకి మూలం అదే. 1958లో ఏపీఎస్ ఆర్టీసీ అయింది. ప్రపంచంలో అతి ఎక్కువ బస్సులున్న సంస్థగా గిన్నిస్ బుక్‌లోకి కూడా ఎక్కింది. రాష్ట్రం విడిపోయాక 2015లో రెండు సంస్థలైంది.

ఇక్కడ నాకు దొరికిన ప్రశ్న చిన్నది: ‘మనం అసలు ఏం అమ్ముతున్నాం?’

ఒక్క బస్సు కూడా లేని బస్సు కంపెనీ

2005 దీపావళి. బెంగళూరులో పనిచేసే మన తెలుగు కుర్రాడు ఫణీంద్ర సామ ఇంటికి పోదామని టికెట్ కోసం ట్రావెల్స్ ఆఫీసుల చుట్టూ తిరిగాడు. దొరకలేదు. పండగ మిస్ అయ్యాడు. మనలో ఎంతమందికి ఇది జరగలేదు? సంక్రాంతి ముందు రోజు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఇరుక్కుపోయినవాళ్లని అడగండి.

మనం తిట్టుకుని పడుకుంటాం. ఆయన మాత్రం ఎందుకు దొరకలేదో చూశాడు. అప్పట్లో ఒక బస్సులోని సీట్లని ట్రావెల్స్ వాళ్లు ఏజెంట్లకి పంచేసేవాళ్లు. ఈ ఏజెంట్ దగ్గర ఉన్న సీట్లు ఆ ఏజెంట్‌కి కనపడవు. అన్నీ ఫోన్ల మీద, పేపర్ చార్టుల మీద. ఒక ఏజెంట్ దగ్గర సీట్లు అయిపోయి జనం వెనక్కి పోతుంటారు, ఇంకో ఏజెంట్ దగ్గర సీట్లు మిగిలి బస్సు ఖాళీగా పోతుంటుంది.

అంటే బస్సులు తక్కువై కాదు, ఏ సీటు ఎక్కడ ఖాళీగా ఉందో తెలియక! 2006లో ఇద్దరు బిట్స్ పిలానీ ఫ్రెండ్స్‌తో కలిసి రెడ్‌బస్ పెట్టాడు. వాళ్లు బస్సు కొనలేదు, డ్రైవర్‌ని పెట్టుకోలేదు. అమ్మింది సీటు గురించిన సమాచారం. 2013లో ఐబిబో గ్రూప్ ఆ కంపెనీని కొనేసింది.

దీనివల్ల ట్రావెల్స్ యజమానులు కూడా మారాల్సి వచ్చింది. ప్యాసింజర్ ఇప్పుడు పది బస్సుల రేట్లు పక్కపక్కన పెట్టి చూస్తాడు, స్టార్ రేటింగ్ చదువుతాడు. ‘ఏజెంట్ మనోడే, మన బస్సే నింపుతాడు’ అన్న ధీమా పోయింది. అద్దం పగిలినా, ఏసీ పనిచేయకపోయినా తెల్లారేసరికి రివ్యూ పడుతుంది.

మొదటి ప్లాన్ పోయినా..

ర్యాపిడో కథ కూడా చదివా. పెట్టిన ముగ్గురిలో పవన్ గుంటుపల్లి, అరవింద్ సంక అనే ఇద్దరు అంతకుముందు మినీ ట్రక్కుల మీద ‘ది క్యారియర్’ అనే స్టార్టప్ నడిపారు. అది పక్కనపెట్టి 2015లో బైక్ ట్యాక్సీకి మారారు. అప్పటికే క్యాబ్‌లలో పెద్ద కంపెనీలు పాతుకుపోయి ఉన్నాయి. వాళ్లతో కార్ల మీద కొట్లాడకుండా, ఒక్కడే పోవాల్సిన వాడికి ఒక్క సీటు చాలు కదా అనే దగ్గర పట్టుకున్నారు. ఆ ఒక్క సీటు బైక్ వెనకాల ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

తర్వాత డ్రైవర్లతో లెక్క మారింది. మొదట్లో యాప్‌లన్నీ ప్రతి రైడ్ మీద కమీషన్ కోసుకునేవి. 2022లో బెంగళూరులో నమ్మ యాత్రి అనే యాప్ కమీషన్ లేకుండా ఆటోలతో మొదలైంది. డ్రైవర్లు అటు కదిలారు. చూస్తుండగానే ర్యాపిడో, ఓలా, 2025లో ఊబర్ కూడా ఆటోలకి సబ్‌స్క్రిప్షన్ బాట పట్టాయి. రోజుకి ఇంత అని కట్టు, రైడ్ డబ్బులు మొత్తం నువ్వే తీసుకో.

వినడానికి బాగుంది కదా? కొంచెం ఆగి ఆలోచించండి. రోజంతా రైడ్లు దొరికే డ్రైవర్‌కి ఇది లాభం. వర్షం పడి రెండే రైడ్లు దొరికిన రోజు? కమీషన్ అయితే రెండింటి మీదే పోయేది. సబ్‌స్క్రిప్షన్ అయితే రోజు ఫీజు మొత్తం పోతుంది. గిరాకీ లేని రోజు రిస్క్ కంపెనీ భుజం మీద నుంచి డ్రైవర్ భుజం మీదకి జరిగింది. ఏ కంపెనీ ‘స్ట్రాటజీ’ గురించి చదివినా ఈ ఒక్కటి అడగడం నేర్చుకున్నా: మార్పు ఖర్చు ఎవరి మీద పడుతోంది?

బస్సు డిక్కీలో దొరికిన బిజినెస్

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం మన ఆర్టీసీనే. ప్రభుత్వ సంస్థ, ఏం మారుతుందిలే అనుకునేవాణ్ని.

2019లో సుదీర్ఘ సమ్మె. అది ముగిసి నాలుగు నెలలు తిరగకముందే కరోనా. 2020 మార్చిలో బస్సులన్నీ డిపోల్లో ఆగిపోయాయి. బయటికి వచ్చాక కూడా ఎక్కే మనుషులు లేరు. బస్సు మాత్రం నడవాలి. డీజిల్, డ్రైవర్, కండక్టర్ ఖర్చు బస్సు నిండా జనం ఉన్నా, పది మందే ఉన్నా ఇంచుమించు అంతే.

ఆ జూన్‌లోనే తెలంగాణ ఆర్టీసీ పార్సిల్, కార్గో సర్వీసుని సొంతంగా మొదలుపెట్టింది. కొత్త రూట్లు అక్కర్లేదు, కొత్తగా స్థలాలు కొనక్కర్లేదు. ప్రతి టౌన్‌లో బస్టాండ్ ఉంది, ఆ ఊరికి రోజూ పోయే బస్సు ఉంది, డిక్కీ ఖాళీగా ఉంది. మెకానిక్‌కి కావాల్సిన స్పేర్ పార్ట్ నుంచి అమ్మ పంపే పచ్చడి దాకా అందులో వెళ్తాయి. భద్రాచలం సీతారాముల కల్యాణ తలంబ్రాలని కూడా ఇంటింటికీ చేర్చారు. గుడికి పోలేని మా నాయనమ్మలాంటి వాళ్లకి అది కొరియర్ కాదు, ప్రసాదం.

గమనించండి, ఇక్కడ కూడా అదే ప్రశ్న. ఆర్టీసీ అమ్మేది సీట్లు మాత్రమే అయితే 2020లో అమ్మడానికి ఏమీ లేదు. ‘ఈ ఊరి నుంచి ఆ ఊరికి రోజూ టైంకి పోతాం’ అనే నమ్మకం అయితే, మనుషులు ఎక్కకపోయినా అది అమ్ముడుపోతుంది.

మహాలక్ష్మితో ఇంకో పెద్ద మార్పు. ఇప్పుడు ఎక్కేది ఒకరు, డబ్బులు కట్టేది ఇంకొకరు. ఆడవాళ్లు ఎక్కుతారు, ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లిస్తుంది. 2025 జూలై నాటికి జీరో టికెట్లు 200 కోట్లు దాటాయి. బస్సులు నిండాయి, సరిపోవట్లేదు కూడా. సీటు కోసం తోపులాటలు మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. ప్రభుత్వం ఇచ్చే డబ్బు టైంకి వస్తేనే కొత్త బస్సు వస్తుంది, ఉన్న బస్సుకి టైరు మారుతుంది. మునుపు ఆర్టీసీకి ప్యాసింజర్ రాకపోవడం రిస్క్. ఇప్పుడు ప్యాసింజర్ వస్తాడు, చెక్కు రావాలి.

నాన్న నోట్‌బుక్

ఇదంతా ఒక ఆదివారం నాన్నకి చెప్పా. రైళ్లు, 27 బస్సులు, డిక్కీ.. అన్నీ. శ్రద్ధగా విన్నాడు. చివర్లో ఒక్క మాట అడిగాడు.

‘అంటే నా ఆటోల ఖాళీ ఏడుందో జూస్కోమంటవ్. అంతే గదా?’

అంతే. రెండు గంటల నా లెక్చర్ మొత్తం ఆ ఒక్క ముక్కలో తేల్చేశాడు.

మర్నాటి నుంచి చెల్లి పాత నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాడు. ఏ టైంకి ఎవరు ఎక్కారు, ఎక్కడ దిగారు, ఏ ట్రిప్పు ఖాళీగా పోయింది. రెండు వారాలు రాశాక కొన్ని సంగతులు బయటపడ్డాయి.

ఒకటి, ఫ్రీ బస్సు ఊళ్లోకి రాదు, స్టేజీ దగ్గరే ఆగుతుంది. మునుపటికంటే ఎక్కువ మంది ఆడవాళ్లు స్టేజీలో దిగుతున్నారు. సంచులు మోసుకుంటూ 3 కిలోమీటర్లు నడుస్తున్నారు. టౌన్‌కి 40 రూపాయలు ఇవ్వనివాళ్లు ఇంటి దాకా 15 ఇస్తారు.

రెండు, తెల్లవారుజామున 5 గంటలకి కూరగాయల రైతులకి బస్సు లేదు. రైతు బజార్‌కి ఆరింటికల్లా చేరకపోతే మంచి రేటు పోతుంది.

మూడు, స్కూల్ పిల్లలు. బస్సు టైం, బడి టైం ఎప్పుడూ కలవవు.

నాలుగు, మధ్యాహ్నం ఆటో రెండు గంటలు చెట్టు కింద ఊరికే ఉంటోంది.

ఇప్పుడు నాన్న రోజు ఇలా ఉంటుంది. పొద్దున్నే ఐదుగురు రైతులు, గంపలతో కలిపి మనిషికి 60. వెనక్కి వచ్చేటప్పుడు కిరాణా షాపుల కోసం గుడ్లు, బ్రెడ్లు. తర్వాత రెండు ట్రిప్పుల్లో పది మంది స్కూల్ పిల్లలు, నెలకి 700 చొప్పున. మధ్యాహ్నం టౌన్‌కి ఒక ట్రిప్పు, బస్టాండ్‌లో దిగిన పార్సిళ్లని ఊళ్లోవాళ్లకి తెచ్చిపెట్టడం. మిగతా టైమంతా స్టేజీకీ ఊరికీ మధ్య తిరగడం.

అన్నీ కలిపితే రోజుకి 1,150 దాకా వస్తోంది. డీజిల్ 400 పోతే 750. పాత 1,050 కంటే ఇంకా 300 తక్కువే. అబద్ధం ఆడను, ఇది సక్సెస్ స్టోరీ కాదు. కానీ ఈఎంఐ ఆగలేదు, ఆటో అమ్మలేదు. అన్నిటికంటే నాన్న ముఖంలో ఒక మార్పు. మునుపు బస్సు కనిపిస్తే పక్కకి తిరిగేవాడు. ఇప్పుడు బస్సు లేటైతే కంగారు పడుతున్నాడు. ఎందుకంటే ఆ బస్సులో వచ్చేది ఆయన ప్యాసింజర్లే.

అందరికీ నోట్‌బుక్ చాలదు

ఇక్కడితో ఆపితే ‘చూశారా, తెలివుంటే ఎలాగైనా బతకొచ్చు’ అన్నట్టు ఉంటుంది. అది కరెక్ట్ కాదు.

మా ఊళ్లో ఐదు ఆటోలు ఉండేవి. స్టేజీకీ ఊరికీ మధ్య ఐదు ఆటోలకి సరిపడా జనం లేరు. నాన్న ఫ్రెండ్ ఒకాయన ఆటో అమ్మేసి హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డుగా చేరాడు. ఆయన మా నాన్నకంటే మంచి డ్రైవర్. తెలివి తక్కువై పోలేదు. రెండు నెలల ఈఎంఐకి సరిపడా పొదుపు లేక పోయాడు.

పెద్ద కంపెనీకి ఒక ప్లాన్ ఫెయిలైతే ఇంకోటి మొదలుపెట్టడానికి ఇన్వెస్టర్ల డబ్బు ఉంటుంది. ఆర్టీసీకి వెనక ప్రభుత్వం ఉంటుంది. మారడానికి వాళ్లకి టైం ఉంటుంది. ఒక ఆటోవాలాకి ఉండే టైం, వచ్చే ఈఎంఐ డేట్ దాకానే. పథకం వచ్చాక తెలంగాణలో ఆటో డ్రైవర్లు రోడ్డెక్కింది అందుకే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పేరుతో ఉచిత బస్సు మొదలయ్యాక, అక్టోబర్‌లో ఆటో, క్యాబ్ డ్రైవర్లకి ఏడాదికి 15,000 ఇచ్చే పథకం పెట్టారు. అది నష్టం మొత్తాన్ని పూడుస్తుందా అంటే, మా నాన్న లెక్కలో పూడ్చదు. రోజుకి 41 రూపాయలు పడుతుంది. అయినా ఒక మంచి పనికి కూడా ఖర్చు ఎవరో మోస్తున్నారని ఒప్పుకోవడం, చేతిలో కొంత పెట్టడం మంచి మొదలే.

ఉచిత బస్సు వద్దని నేను అనను. మా చెల్లి చదువు ఆ బస్సులోనే సాగుతోంది. మా అమ్మ డబ్బుల కోసం ఎవరినీ అడగకుండా కూతురి ఇంటికి పోయి వస్తోంది. దానికి రేటు కట్టలేం. కానీ అదే ఇంట్లో నాన్న కూడా ఉన్నాడు. లెక్క వేసేటప్పుడు ముగ్గుర్నీ వేయాలి.

రేపు ఎలక్ట్రిక్ ఆటోలు, డ్రైవర్ లేని బండ్లు, ఇంకేవో వస్తాయి. నా ఉద్యోగం పక్కకే ఏఐ వచ్చి కూర్చుంది కాబట్టి, ఆ డిసెంబర్‌లో నాన్నకి ఎలా అనిపించిందో ఇప్పుడు నాకు బాగా అర్థమవుతోంది. అందుకే నేనూ ఒక నోట్‌బుక్ కొన్నా. రోజంతా నేను చేసే పనిలో కంపెనీ దేనికి డబ్బులిస్తోందో రాసుకుంటున్నా. కోడ్ టైప్ చేయడానికేనా, ఇంకా ఏమైనా ఉందా అని.

పోయిన పండక్కి ఊరెళ్లా. స్టేజీలో బస్సు దిగేసరికి నాన్న ఆటో రెడీగా ఉంది. నేను వస్తున్నానని చెప్పలేదు, సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నా.

‘నీకెట్లా తెల్సింది నాయినా?’

ఫోన్ తీసి చూపించాడు. ‘మన ఊరి ఆటో’ అని వాట్సాప్ గ్రూప్. ఊళ్లో ఆడవాళ్లంతా అందులో ఉన్నారు. నల్గొండలో బస్సెక్కగానే ఎవరో ఒకరు మెసేజ్ పెడతారట. ఆ రోజు పెట్టిన మెసేజ్ ఇది: ‘ఎక్కినం. ఏడుగురం. మీ పిలగాడు గూడ ఉన్నడు.’

యాప్ పెట్టుకోమని చెప్పింది నేనే కదా. పెట్టుకున్నాడు మరి!